నక్షత్రాలు మారుతుంటాయి

బ్యాటు పట్టుకునే పని లేదు. బంతి విసిరే పని లేదు. పరుగెత్తడం అసలే లేదు. కంప్యూటరు ముందు కూర్చుని ఎవరిని జట్టులోకి తీసుకోవాలో, ఎవరిని ఆడించాలో, ఎవరిని ఇంటికి పంపాలో చెప్పాలి. ఆట కంప్యూటరే ఆడుకుంటుంది. స్కోరు చూసి మనం సంబరపడాలి, లేదంటే తల పట్టుకోవాలి. బేస్‌బాల్ మేనేజ్‌మెంట్ గేమ్ అంటే ఇంతే. వింటే ‘ఇందులో ఏముంది?’ అనిపిస్తుంది. నేను మాత్రం పదిహేనేళ్లు దాటినా వదల్లేకపోతున్నాను.

గెలవడం కోసం కాదు. ఆ గేములో కుర్రాళ్లు ఎదిగే తీరు కోసం. పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ని జట్టులోకి తీసుకుంటాం. ‘వీడు గొప్పవాడవుతాడు’ అని అందరూ చెబుతారు. నాలుగేళ్లు తిరిగేసరికి వాడు ఎందుకూ కొరగాకుండా పోతాడు. ఎవరూ పట్టించుకోని ఇంకొకడు ఇరవై ఆరేళ్ల వయసులో ఉన్నట్టుండి చెలరేగిపోతాడు. ఎందుకలా అంటే గేము జవాబు చెప్పదు. కొత్తగా ఆడేవాళ్లకు ఇది చూస్తే ఒళ్లు మండిపోతుంది. ‘ఇంతోటి దానికి మేనేజరెందుకు, లాటరీ టికెట్ కొనుక్కుంటే సరిపోదా?’ అంటారు. నాకైతే ఆ గేములో అన్నిటికన్నా నిజమైన సంగతి అదేననిపిస్తుంది.

ఓడిపోయే జట్టున్న ఊళ్లో...

క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని ఇంట్లో పుట్టినవాణ్ని. 2004లో ఉద్యోగం నన్ను అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు తీసుకొచ్చింది. తెలుగువాళ్లకు ఆ ఊరు పేరు చెప్పగానే 1976లో వెలసిన వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. ఊళ్లోవాళ్లకు మాత్రం ఆటలే దేవుళ్లు. అక్కడి బేస్‌బాల్ జట్టు పైరేట్స్. అలెగెనీ నది ఒడ్డున 2001లో కట్టిన చక్కని స్టేడియం వాళ్లది. జట్టు మాత్రం ఓడిపోతూనే ఉండేది. 1993 నుంచి 2012 దాకా వరుసగా ఇరవై సీజన్లు గెలుపులకన్నా ఓటములే ఎక్కువ. అలాంటి జట్టుకు టికెట్లు సులువుగా దొరుకుతాయి. పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన మీకు ఆట నేర్పించే తీరిక కూడా ఉంటుంది. నేను బేస్‌బాల్ నేర్చుకున్నది అలాగే.

ఓడిపోయే జట్టు అభిమానులకు ఉండే ఒకే ఒక్క ఊరట, కింద ఎదుగుతున్న పిల్లలు. అమెరికా బేస్‌బాల్‌లో ఏటా ‘డ్రాఫ్ట్’ అనే ఎంపిక జరుగుతుంది. ముప్ఫై జట్లు వంతులవారీగా స్కూలు పిల్లల్ని, కాలేజీ కుర్రాళ్లని ఎంచుకుంటాయి. ఎంపికైన వాళ్లు నేరుగా పెద్ద జట్టులోకి రారు. మైనర్ లీగులనే మెట్లు ఒక్కొక్కటే ఎక్కాలి. చాలామందికి మూడేళ్లు, నాలుగేళ్లు పడుతుంది. ఎక్కువమంది పైమెట్టు చేరకుండానే ఆగిపోతారు. మా ఊళ్లో ఏ కాఫీ కొట్టుకు వెళ్లినా ‘ఈ ఏడు పోయిందిలే, ఆ కుర్రాళ్లు వచ్చాక చూడండి’ అనే మాట వినపడేది. మన దగ్గర పిల్లల గురించి మాట్లాడుకున్నట్టే అక్కడ ఇంకా గడ్డం కూడా రాని పిచర్ల గురించి మాట్లాడుకునేవారు. ఆ మాటలు వినీ వినీ నేను ఈ గేములోకి దిగాను.

పాచికల నుంచి కంప్యూటరుకి...

ఈ తరహా ఆటలు కంప్యూటరుతో పుట్టినవి కావు. 1951లో ‘ఆప్బా’, 1961లో హాల్ రిచ్‌మన్ అనే ఆయన తయారుచేసిన ‘స్ట్రాట్-ఓ-మ్యాటిక్’ అమెరికాలో ఎన్నో ఇళ్లలో ఆడేవారు. ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు. పాచికలు వేసి, వచ్చిన అంకెను కార్డులో వెతుక్కుంటే ఫలితం తెలుస్తుంది. ఆ కార్డుల్లోని లెక్కలు అంతకు ముందు సీజన్‌లో ఆటగాడు నిజంగా ఆడినదాన్ని బట్టి వేసినవి. ఏడాది తిరగ్గానే కొత్త కార్డులొస్తాయి. అంటే ఎవరు ఎదిగారో, ఎవరు దిగజారారో చెప్పే బాధ్యత ఆటది కాదు. లోకమే చెప్పేస్తుంది. ఆట దాన్ని అచ్చు వేసుకుంటుంది.

కంప్యూటరు గేములకు ఆ సౌకర్యం లేదు. మీరు వచ్చే ఇరవై సీజన్లు ఒక్క వేసవిలో ఆడేయొచ్చు. అప్పటికి లోకంలో ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు? అందుకని గేమే భవిష్యత్తును కల్పించుకోవాలి. లేని ఆటగాళ్లను పుట్టించాలి, పెంచాలి, ముసలివాళ్లను చెయ్యాలి. నేనాడేది ‘అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్’. విచిత్రమేమిటంటే అమెరికావాళ్ల ఈ ఆటను ఇంత లోతుగా గేములోకి దించిన మార్కస్ హైన్సోన్ జర్మనీ దేశస్థుడు. 1999లో మొదటిది విడుదలైంది. అప్పట్నుంచీ కొత్త కొత్తగా వస్తూనే ఉంది.

ఇందులో ప్రతి కుర్రాడి పేరు పక్కన రెండు వరుసల నక్షత్రాలుంటాయి. మొదటి వరుస ఇవాళ వాడెంత ఆడగలడో చెబుతుంది. రెండోది రేపు ఎంతవాడు కాగలడో చెబుతుంది. అర నక్షత్రం నుంచి అయిదు దాకా. లోపలికి వెళితే బంతిని ఎంత బలంగా కొడతాడు, ఎంత ఓపిగ్గా చూస్తాడు, ఎంత వేగంగా విసురుతాడు వంటివన్నీ 20 నుంచి 80 దాకా అంకెల్లో కనిపిస్తాయి. ఈ 20-80 కొలత గేము కనిపెట్టింది కాదు. నిజం బేస్‌బాల్‌లో స్కౌట్లు, అంటే ఊరూరా తిరిగి పిల్లల ఆట చూసి రాసుకునేవాళ్లు, ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. 50 అంటే సగటు. 80 అంటే లక్షల్లో ఒకడు.

అసలు తిరకాసు రెండో వరుసలో ఉంది. ఆ నక్షత్రాలు రెండు రకాలుగా మోసం చేస్తాయి. మొదటిది, అవి మన స్కౌట్ అంచనా మాత్రమే. వాడి చూపు సరిగ్గా లేకపోతే నక్షత్రాలూ తప్పే. రెండోది ఇంకా చిక్కు. స్కౌట్ సరిగ్గానే చూసినా కుర్రాడే మారిపోవచ్చు. మోచెయ్యి దెబ్బతినొచ్చు. తొందరపడి పై మెట్టుకు పంపితే బెదిరిపోవచ్చు. కష్టపడే గుణం ఉన్నవాడు కాస్త ముందుకు రావొచ్చు. ఇవేవీ లేకుండా ఊరికే కూడా మారొచ్చు. ఆ ‘ఊరికే’కి గేములో ఒక సెట్టింగ్ ఉంది. టాలెంట్ ఛేంజ్ రాండమ్‌నెస్ అంటారు. ప్రతిభ ఎంత తలాతోకా లేకుండా మారొచ్చో చెప్పే అంకె అది. మామూలుగా 100 దగ్గర ఉంటుంది. తగ్గిస్తే పిల్లలు చెప్పినట్టు ఎదుగుతారు. పెంచితే ఎవరు ఏమవుతారో ఎవరికీ తెలియదు.

అయిదు నక్షత్రాలవాడు, అర నక్షత్రంవాడు

నా జట్టు పైరేట్సే. గేము మొదలుపెట్టిన కొన్ని సీజన్లకు డ్రాఫ్టులో మొదటి వంతు నాకొచ్చింది. కంప్యూటరు పుట్టించిన పిల్లల్లో అందరికన్నా మెరిసేవాణ్ని తీసుకున్నాను. అయిదు నక్షత్రాల పిచర్. రెండేళ్లపాటు వాడి నివేదిక వచ్చినప్పుడల్లా పండగే. మూడో ఏడు భుజం నొప్పి. ఏడాది ఆట లేదు. తిరిగొచ్చాక నాలుగు నక్షత్రాలయ్యాయి. మరుసటి వసంతంలో మూడు. దెబ్బ మానిపోయినా బంతి మునుపటిలా రాలేదు. ఇరవై అయిదేళ్లకు వాడు పెద్ద జట్టులో ఆడిన ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అదే డ్రాఫ్టులో పదిహేడో వంతులో ఒక ఎడమచేతి పిచర్‌ని తీసుకున్నాను. కింది జట్టులో మనుషులు తక్కువై తీసుకున్నదే తప్ప వాడిలో ఏదో చూసి కాదు. రేపటి నక్షత్రాలు ఒకటిన్నర. వాడు ఏ మెట్టు మీదా మెరవలేదు, ఏ మెట్టు మీదా జారలేదు. ఇరవై నాలుగో ఏట ఒక నెల నివేదికలో బంతి తిప్పే నేర్పు పక్కనున్న అంకె 45 నుంచి 60కి ఎగబాకింది. కారణం లేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు వాడే నా జట్టుకు పెద్ద దిక్కు.

ఈ కథ చెబితే మా ఆఫీసులో ఒకాయన పెదవి విరిచాడు. ‘కంప్యూటర్ పాచిక వేసింది. దానికి నువ్వు కథ అల్లుకున్నావు’ అన్నాడు. నిజమే, పాచికే. కాకపోతే నిజం బేస్‌బాల్ చరిత్ర తిరగేస్తే గేము వేసిన పాచికే కాస్త మర్యాదగా పడిందనిపిస్తుంది.

నిజం ఇంకా విడ్డూరం

1988 డ్రాఫ్టులో మైక్ పియాజా అనే కుర్రాణ్ని డాడ్జర్స్ జట్టు 62వ రౌండులో తీసుకుంది. వాడికన్నా ముందు 1,389 మంది పేర్లు పిలిచారు. వాళ్ల నాన్న అప్పటి మేనేజర్ టామీ లసోర్డాకు స్నేహితుడు. ఆ మొహమాటానికి తీసుకున్నారు తప్ప ఆశ పెట్టుకుని కాదు. ఆ పియాజా ఆటలోకెల్లా గొప్ప క్యాచర్లలో ఒకడయ్యాడు. 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మూడేళ్ల తర్వాత, 1991లో, న్యూయార్క్ యాంకీస్ అందరికన్నా ముందు పిలిచిన పేరు బ్రయన్ టేలర్. ఎడమచేతి పిచర్. 15 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి తీసుకున్నారు. 1993 డిసెంబరులో ఒక కొట్లాటలో భుజం దెబ్బతింది. పెద్ద జట్టు తరఫున ఒక్క ఆటా ఆడకుండానే అతని కథ ముగిసింది.

2013లో మొదటి పేరు మార్క్ ఆపెల్. అతను 2018లో ఆట మానేశాడు. 2021లో మళ్లీ మొదలుపెట్టాడు. 2022 జూన్‌లో, ముప్ఫై ఏళ్ల వయసులో, మొట్టమొదటిసారి మేజర్ లీగ్ మైదానంలోకి అడుగుపెట్టాడు. ఈ కథలో అతను గెలిచినట్టా, ఓడినట్టా? నక్షత్రాలతో చెప్పడం కష్టం.

మా ఊరివాళ్లను ఇప్పటికీ కలుక్కుమనిపించే పేరు హోసే బటీస్టా. 2000 డ్రాఫ్టులో 20వ రౌండులో పైరేట్సే తీసుకున్నారు. చెయ్యి జారింది. 2004 ఒక్క సీజన్‌లోనే నాలుగు మేజర్ లీగ్ జట్లు మారి, చివరికి మళ్లీ మా దగ్గరికే వచ్చాడు. నేను స్టేడియంలో అతని ఆట చాలాసార్లు చూశాను. పర్వాలేదనిపించే ఆటగాడు. ఏడాదికి పదిహేను, పదహారు హోమ్‌రన్లు. 2008 ఆగస్టులో టొరంటో జట్టుకు ఇచ్చేశారు. ఊళ్లో ఎవరూ కంటతడి పెట్టలేదు. అక్కడ కోచ్‌లు అతనితో బ్యాటు కదిలించడం కాస్త ముందుగా మొదలుపెట్టించారు. 2010లో 54 హోమ్‌రన్లు కొట్టాడు. ఆ ఏడు మేజర్ లీగుల్లో అంతకన్నా ఎక్కువ కొట్టినవాడు లేడు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. గేములో ఇలా జరిగితే ‘ఇదేం గేమయ్యా’ అని డబ్బు వెనక్కి అడుగుతారు.

ఎందుకిలా అవుతుంది? పద్దెనిమిదేళ్ల పిల్లాడి ఒళ్లు ఇంకా పూర్తిగా తయారై ఉండదు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌ని చేరడానికి అర సెకను కూడా పట్టదు. దాన్ని చూసి, గుర్తుపట్టి, కొట్టాలా వద్దా తేల్చుకోవాలి. స్కూలు స్థాయిలో అలాంటి బంతులు వేసేవాళ్లు అరుదు. అందుకని ఆ పరీక్ష అప్పటిదాకా ఎదురే కాదు. పిచర్‌కైతే మోచేతిలో చిన్న లిగమెంటు ఒకటుంటుంది. అది తెగితే ఏడాదికి పైగా ఆట ఉండదు. వీటికి తోడు ఇంటికి దూరంగా చిన్న చిన్న ఊళ్లలో బస్సు ప్రయాణాలు, ఒంటరితనం. ఇవన్నీ ఒక స్కౌట్ రెండు ఆటలు చూసి ఎలా చెప్పగలడు?

చెప్పలేరనడానికి బిల్లీ బీన్‌ను మించిన సాక్షి లేడు. 1980లో న్యూయార్క్ మెట్స్ మొదటి రౌండులో తీసుకున్న కుర్రాడు. ఒడ్డూ పొడుగూ, వేగం, బలం అన్నీ ఉన్నాయన్నారు. ఆటగాడిగా రాణించలేదు. 1990లో ఆట వదిలేసి స్కౌట్ ఉద్యోగంలో చేరాడు. తర్వాత ఓక్లాండ్ జట్టు జనరల్ మేనేజర్ అయి, కంటికి కనిపించేదాన్ని కాక లెక్కలను నమ్మి జట్టు కట్టాడు. ఆ కథే 2003లో ‘మనీబాల్’ పుస్తకమైంది, 2011లో సినిమా అయింది. తన విషయంలో అందరి అంచనాలూ తప్పిన మనిషి అంచనాలు వేసే పనిలోనే పేరు తెచ్చుకోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

మనవాళ్ల ముచ్చటా ఒకటుంది. 2008లో ఒక టీవీ పోటీలో గెలిచిన రింకూ సింగ్, దినేష్ పటేల్ ఇద్దరూ ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు. ఈటె విసిరేవాళ్లు. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. ఆ ఏడాది నవంబరులో వాళ్లతో ఒప్పందం కుదుర్చుకున్నది మా పైరేట్సే. ఆ వారం మా గుడి మెట్ల మీద కూడా బేస్‌బాల్ కబుర్లే. దినేష్ రెండేళ్లకు తిరిగి వెళ్లిపోయాడు. రింకూ కింది లీగుల్లో కొన్నేళ్లు పోరాడాడు. గాయాలు అడ్డం పడ్డాయి. తర్వాత కుస్తీ వైపు వెళ్లి ‘వీర్ మహాన్’గా టీవీలో కనిపించాడు. 2008లో ఏ స్కౌట్ నివేదికలోనైనా ఈ చివరి వాక్యం ఉండే వీలుందా?

నాన్న అడిగిన ప్రశ్న

2015 వేసవిలో నాన్న మా దగ్గర ఆర్నెల్లున్నారు. గుంటూరు జిల్లా పరిషత్ స్కూళ్లలో ముప్ఫై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. పగలంతా టీవీ, సాయంత్రం వీధిలో నడక, రాత్రి నా పక్కన కుర్చీ. మొదటి వారం చూసి చూసి, ‘ఒరే, ఆడేది కంప్యూటరే అయితే మరి నువ్వేం చేస్తున్నట్టురా?’ అన్నారు. మా ఆవిడ వంటింట్లోంచి ‘బాగా అడిగారు మావయ్యగారూ’ అంది.

రెండో వారానికి నక్షత్రాల సంగతి అడిగారు. వివరించాను. కాసేపు ఆలోచించి, ‘అంటే జాతకం చెప్పేవాడు తప్పు చెప్పడం ఒకటి, జాతకమే మారిపోవడం ఇంకొకటి. రెండూ ఉన్నాయన్నమాట’ అన్నారు. నేను పేజీలకు పేజీలు చదివి తెలుసుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

‘అయితే ఈ నక్షత్రాలు ఎందుకు పెట్టినట్టు, తీసెయ్యొచ్చుగా?’ అన్నారు మళ్లీ. నక్షత్రాలు దండగేమీ కావని చెప్పాను. వందమంది అయిదు నక్షత్రాల పిల్లల్ని, వందమంది ఒంటి నక్షత్రం పిల్లల్ని పెట్టి చూస్తే, పైకొచ్చేవాళ్లు మొదటి గుంపులోనే ఎక్కువ. నిజం బేస్‌బాల్‌లోనూ అంతే. మొదటి రౌండులో వచ్చినవాళ్లలో మేజర్ లీగ్ చేరేవాళ్లు ఎక్కువ, చివరి రౌండ్లవాళ్లలో బాగా తక్కువ. పియాజా పేరు అందరికీ గుర్తుండడానికి కారణమే అలాంటివాళ్లు అరుదు కావడం. వందమందిని కలిపి అడిగితే నక్షత్రాలు నిజమే చెబుతాయి. ఒక్కణ్ని చూపించి అడిగితే నీళ్లు నములుతాయి.

లెక్కల మాస్టారికి ఈ జవాబు నచ్చింది. ‘సగటు నిజమే. కానీ క్లాసులో నా ముందు కూర్చునేది సగటు కాదుగా’ అన్నారు.

అప్పుడే ఒక సంగతి చెప్పారు. నేను పుట్టకముందు ఒక పల్లెటూళ్లో పనిచేస్తున్నప్పుడు ఏడో తరగతిలో లెక్కలు ఏమాత్రం రాని కుర్రాడొకడు ఉండేవాడట. వాళ్ల నాన్న బడి మానిపించి లేతు షాపులో పెడతానని వచ్చాడట. నాన్న ఆయనతో, ‘మీవాడు పెద్ద చదువులు చదువుతాడని నేను చెప్పను. చదవడని కూడా చెప్పలేను. ఒక్క ఏడాది ఉంచు’ అన్నారట. అలా ఏడాదికేడాది అడుగుతూ పదో తరగతి దాకా లాక్కొచ్చారు. రెండోసారి రాసి పాసయ్యాడు. ‘ఆ తర్వాత ఏమయ్యాడు?’ అనడిగాను, ఏ ఇంజనీరో కలెక్టరో అయ్యాడంటారేమోనని. ‘తెలీదురా. నాకు బదిలీ అయింది. పదో తరగతి పాసయ్యాడు, అంతవరకే నా పని’ అన్నారు.

ఇంటికి పంపే రోజు

ఈ గేములో అన్నిటికన్నా చేదు పని ఒకటుంది. డ్రాఫ్టులో కొత్త పిల్లలు వస్తారు. కింది జట్లలో చోటు మాత్రం అంతే ఉంటుంది. వచ్చినంతమందిని బయటికి పంపాలి. పేరు మీద నొక్కి ‘రిలీజ్’ అంటే చాలు, మాయమైపోతాడు. నిజం లోకంలో 2021లో మైనర్ లీగుల్ని కుదించి అనుబంధ జట్లను 120కి తెచ్చినప్పుడు ఎంతోమంది కుర్రాళ్లకు ఇదే జరిగింది. డ్రాఫ్టు కూడా నలభై రౌండ్ల నుంచి ఇరవైకి తగ్గింది. పియాజాను పిలిచిన 62వ రౌండు ఇప్పుడు లేనే లేదు. చోటు తగ్గితే ముందుగా పోయేది ఆలస్యంగా ఎదిగేవాడే.

నా జట్టులో అర నక్షత్రం సెకండ్ బేస్‌మన్ ఒకడుండేవాడు. అట్టడుగు మెట్టు మీద నాలుగేళ్లుగా ఉన్నాడు. ఆ వేసవి పంపించాల్సినవాళ్ల జాబితాలో మొదటి పేరు వాడిదే. నాన్న ఒప్పుకోలేదు. ‘ఇంకో ఏడాది చూడు’ అన్నారు. కష్టపడే గుణం పక్కన మంచి మార్కే ఉందని చూపించారు. సరే, ఉంచాను. రోజూ రాత్రి భోజనాల దగ్గర వాడి స్కోరు అడిగేవారు. మరుసటి సీజన్‌లో ఒక మెట్టెక్కాడు. ఆపై సీజన్‌లో ఇంకో మెట్టు. నాన్న ఊరెళ్లిపోయాక ఫోనులో చెప్పేవాణ్ని. అక్కడితో సరి. ఇరవై ఏడేళ్లకు వాడు ఆట మానేశాడు. మేజర్ లీగ్ మైదానం చూడలేదు. ఆ సంగతి నాన్నకు ఎలా చెప్పాలా అనుకున్నాను. చెబితే, ‘రెండు మెట్లెక్కాడుగా’ అన్నారు తేలిగ్గా.

నేనింకా ఎడమచేతి పిచర్ కథలాంటిదే ఇంకోటి కావాలని ఎదురుచూస్తున్నానని ఆ క్షణాన తెలిసింది. ఓపిక పడితే ఫలితం దక్కాలన్నది నా లెక్క. నాన్న లెక్కలో ఆ షరతే లేదు. ఎవడు ఏమవుతాడో ఖాయంగా తెలియనప్పుడు, చోటున్నంతవరకు ఇంకో ఏడాది ఇవ్వడం న్యాయమంతే. వాడు పియాజా అయితే లాభం. కాకపోయినా ఇచ్చిన ఏడాది వృథా కాదు.

ఈ మాట గేముతో పోలేదు. మా ఆఫీసులో ఏడాదికోసారి ఒక ఫారం నింపాలి. నా కింద పనిచేసే ప్రతి ఒక్కరికీ రెండు గళ్లు. ఒకటి ఈ ఏడాది పని ఎలా చేశారు, రెండోది ముందు ముందు ఎంత ఎదగగలరు. చూడగానే గేములోని రెండు వరుసల నక్షత్రాలే. మొదటి గడి నింపడం కష్టం కాదు. చేసిన పని కళ్ల ముందు ఉంటుంది. రెండో గడి దగ్గరే కలం ఆగుతుంది. అక్కడ పడే ముద్రను బట్టి శిక్షణ ఎవరికో, మంచి ప్రాజెక్టు ఎవరికో, పనివాళ్లను తగ్గించాల్సి వస్తే ముందు ఎవరో తేలుతుంది.

నాన్న వెళ్లిన మరుసటి ఏడు, కొత్తగా చేరిన ఒకమ్మాయి విషయంలో ఆ గడి నా ముందుకొచ్చింది. మీటింగుల్లో నోరు విప్పేది కాదు. పని నెమ్మది. ‘తక్కువ’ అని రాసెయ్యమని పైవాళ్ల సలహా. నేను ‘ఇప్పుడే చెప్పలేం, పని మార్చి ఏడాది చూడాలి’ అని రాశాను. ఆ గడిలో వాక్యాలు రాయకూడదట, ఒక్క మాటే ఉండాలట. రెండు వారాలు ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాయి. చివరికి ‘మధ్యస్థం’ అన్న దగ్గర రాజీ కుదిరింది. పని మాత్రం మార్చారు. డేటాబేస్ పనిలో ఆ అమ్మాయి కుదురుకుంది. అద్భుతాలేమీ చెయ్యలేదు. తన పని తాను శుభ్రంగా చేసుకుంది. మూడేళ్లకు వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లింది. వెళ్లేటప్పుడు అందరికీ స్వీట్లు పంచింది. అక్కడ ఏ స్థాయికి చేరిందో నాకు తెలియదు.

గేములో ఆ సెట్టింగ్ తగ్గించుకుంటే పనెంతో తేలికవుతుందని నాకు తెలుసు. అయిదు నక్షత్రాలవాళ్లను ఏరుకుని, మిగతావాళ్లను మారుమాట లేకుండా పంపించొచ్చు. ఒకసారి సరదాకి తగ్గించి పది సీజన్లు ఆడి చూశాను. డ్రాఫ్ట్ రోజే అందరి కథా తెలిసిపోయింది. నివేదికలు తెరవబుద్ధి కాలేదు. కింది మెట్ల మీద ఎవరున్నారో వాళ్ల పేర్లు కూడా గుర్తుపెట్టుకోలేదు. గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే రాలేదు.

అంకెను మళ్లీ 100కి పెట్టుకున్నాను. ఇప్పటి గేములో కింది జట్టులో ఒక షార్ట్‌స్టాప్ ఉన్నాడు. ఇరవై మూడేళ్లు, ఒక నక్షత్రం. పోయిన నెల నివేదికలో ఏ మార్పూ లేదు. ఈ డ్రాఫ్టుకు పంపించాల్సినవాళ్ల జాబితా వేస్తే వాడి పేరు మళ్లీ పైకొస్తుంది. నాన్నకు ఫోన్ చేసినప్పుడు వాడి సంగతి చెప్పాను. వయసెంతని అడిగి, ‘చోటుందా?’ అన్నారు. ఉందన్నాను.

‘మరింకేం’ అన్నారు.